జీపు పుస్తకంలో రాయని లెక్క

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు పొద్దున్నే ఫోన్.

"అంకుల్, మీ దగ్గర పాత మహీంద్రా జీపు ఉందంట కదా! లక్షా అరవై వేలు ఇస్తాం. సూర్యలంక దగ్గర మా రిసార్టులో పెట్టుకుంటాం."

"పెట్టుకోవడం ఏంటి బాబూ, తిప్పుకోరా?"

"ఇంజను తీసేస్తాం అంకుల్. మంచి రంగేసి గేటు ముందు నిలబెడితే వచ్చినవాళ్లు ఎక్కి ఫొటోలు దిగుతారు."

ఆలోచించి చెప్తానన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ అంతా వింటూనే ఉంది. "లక్షా అరవై వేలంటే మంచి రేటేగా" అంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై నాలుగేళ్లుగా జీపు విషయంలో ఆవిడ తక్కువే మాట్లాడుతుంది. ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి మాట మాత్రం సూటిగా ఉంటుంది. "నాన్నా, ఏప్రిల్లో రిజిస్ట్రేషన్ అయిపోతోంది. మళ్లీ రెన్యువల్, మళ్లీ ఫిట్‌నెస్. మీకు అరవై ఏడు. ఇంకెందుకు?"

వాడు చెప్పిందీ నిజమే. మా జీపు 1991 ఏప్రిల్ రిజిస్ట్రేషన్. సొంత బండికి మొదటి పదిహేనేళ్లు కాయితం ఉంటుంది, ఆ తర్వాత ప్రతి అయిదేళ్లకూ చూపించి పొడిగించుకోవాలి. 2006, 2011, 2016, 2021... నాలుగుసార్లు అయింది. కిందటిసారి ఆరొందల ఫీజుతో పని గడిచింది. ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటిన కార్లు, జీపులకు పది వేలు చేశారు. పది వేలు పెద్ద సంగతి కాదు. ఆ బండి ఫిట్‌నెస్‌కి నిలబడాలంటే దాని కింద పెట్టాల్సిన డబ్బే పెద్దది.

అందుకే ఓ నిర్ణయానికి వచ్చాను. తెనాలి నుంచి బాపట్ల వెళ్లి, సూర్యలంకలో ఆ కుర్రాణ్ని కలిసి, నిజాంపట్నం మీదుగా రేపల్లె చేరి, అక్కడ మా మేస్త్రికి బండి చూపించి, రాత్రికి ఇంటికి రావాలి. ఆయన ఏమంటే అది. బయల్దేరుతుంటే మా ఆవిడ కూడా చీర మార్చుకుని వచ్చింది. "బాపట్లలో భావనారాయణ స్వామిని చూసి చాలా రోజులైంది" అంది. ఆ జీపులో ఆవిడ తనంతట తాను ఎక్కడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

తెనాలి: కాలువ పక్కన షెడ్డు

మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. ఊరి మధ్యనుంచి కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు మూడు పోతాయి. ఆ పేరుకు కారణం ఆ కాలువలేనంటారు, నాటకాలూ సినిమా వాళ్లూ అంటారు. నా మటుకు నాకు కాలువ అంటే జీపు కడుక్కునే చోటు. ఒకప్పుడు వాటి గట్టు మీదే మా మేస్త్రి షెడ్డు ఉండేది. రేకుల కప్పు, వేపచెట్టు, నేలలో తవ్విన గుంట. బండిని గుంట మీద నిలిపితే మేస్త్రి కిందకి దిగేవాడు. పైకొచ్చేసరికి చొక్కాకి మిగిలిన తెలుపు కూడా పోయేది.

జీపు మోడల్ ఎంఎం 540. పియుజో డీజిల్ ఇంజను. ఈ జీపు వంశవృక్షం మీకు తెలిసే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ బండిని, మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత అది పోలీసులదైంది, తాసిల్దారుదైంది, ఎన్నికల్లో నాయకులదైంది, పెళ్లి ఊరేగింపులో పెళ్లికొడుకుదైంది. మా డెల్టాలో చివరికి రొయ్యల రైతుదైంది. నేను ఆ ఆఖరి బాపతు.

1992లో ఒక కాంట్రాక్టరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాను. కొన్న రోజే మేస్త్రి ఓ మాట చెప్పాడు. "బాబూ, కారుకి పెట్రోలు పోస్తే చాలు. జీపుకి గ్రీజు పెట్టాలి. ఇరవై చిల్లర నిపుల్స్ ఉన్నాయి దీనికి. నెలకోసారి ప్రతిదానికీ గన్ను పెట్టి, పాత గ్రీజు బయటకొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. నీళ్లలోకి దిగితే నెల ఆగకూడదు, ఆ సాయంత్రమే."

ఇంకో మాట కూడా చెప్పాడు. "ఒక పుస్తకం పెట్టుకోండి. ఏం మార్చామో, ఎప్పుడు మార్చామో, ఎంతైందో రాసుకోండి. బండికి నోరు లేదు. పుస్తకమే దాని నోరు."

ఆ మాట పట్టుకున్నాను. కిరాణా కొట్లలో వాడే పొడుగాటి లెక్కల పుస్తకం. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. క్లచ్ ప్లేటు నుంచి వైపర్ రబ్బరు దాకా అన్నీ ఉన్నాయి అందులో. రేపల్లెలో మేస్త్రికి చూపించడానికి నాలుగు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. సంచి మా ఆవిడ ఒళ్లో పెట్టుకుంది.

బాపట్ల దారి: మినప చేల మధ్య

నిడుబ్రోలు, పొన్నూరు మీదుగా దారి. వరి కోసిన మాగాణుల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. కొన్నిచోట్ల దుక్కి లేకుండా గింజ పెట్టిన మొక్కజొన్న మోకాలెత్తు లేచింది. కళ్లాల్లో ఇంకా అక్కడక్కడా వరి కుప్పలు. పొన్నూరులో ఆంజనేయుడూ గరుత్మంతుడూ ఉన్న గుడి ముందు ఒక కొబ్బరికాయ. జీపు గంటకి నలభై అయిదు మించి పోదు. మించితే స్టీరింగు వణుకుతుంది. కొత్తలో వణికేది కాదు, ఈ రెండేళ్లుగానే. ముందు యాక్సిల్లో కింగ్ పిన్ బేరింగులు అరిగాయని నా అనుమానం.

నల్లరేగడి గురించి ఈ దారిలో పోయేవాళ్లకి తారు రోడ్డు మీద తెలియదు. ఎండాకాలంలో అరచెయ్యి పట్టే నెర్రెలిస్తుంది. ఒక్క వాన పడితే చెప్పుకి రెండు కేజీలు అంటుకుంటుంది. అందులో మామూలు బండి రెండు చక్రాలూ ఒకేచోట తిరుగుతూ తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. జీపులో రెండో లివరు లాగితే ముందు చక్రాలకీ బలం వెళ్తుంది. వెనకవి తోస్తాయి, ముందువి లాగుతాయి. కొత్తగా కొన్నవాళ్లు ఇక్కడే ఒక తప్పు చేస్తారు. గొప్ప కోసం తారు రోడ్డు మీద కూడా ఆ లివరు లాగి నడుపుతారు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారలేదు. కాడికి కట్టిన రెండెద్దులు చెరో దిక్కుకి లాగినట్టు ఆ బలమంతా గేర్ల మీద పడుతుంది. నా మొదటి పుస్తకంలో రెండో పేజీలో ఉన్న పెద్ద ఖర్చు అదే. నేర్చుకోవడానికి కట్టిన ఫీజు.

బాపట్లలో భావనారాయణ స్వామి దర్శనం అయింది. ఊరికి ఆ పేరు కూడా స్వామి నుంచే వచ్చిందంటారు, భావపురి. గుడి నుంచి వ్యవసాయ కళాశాల వైపు వచ్చాం. 1945లో పెట్టిన కాలేజీ. మనం రోజూ తినే సాంబా మసూరి ఉంది చూశారూ, బీపీటీ 5204, ఆ బీపీటీ అంటే బాపట్లే. 1986లో విడుదలైన రకం. నలభై ఏళ్లు కావస్తోంది, ఎన్ని కొత్త రకాలు వచ్చినా జనం దాన్ని వదల్లేదు. ఆ మాటే మా ఆవిడతో అంటే, "బియ్యం అన్నం పెడుతుందండీ" అంది. అక్కడితో ఆపేసింది.

సూర్యలంక: ఇసుకా ఉప్పూ

బాపట్ల నుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. సరుగుడు తోటలు దాటగానే గాలి మారుతుంది. పెదవి నాకితే ఉప్పగా ఉంటుంది. మనకి ఆ గాలి హాయి, ఇనుముకి విషం. ఉప్పునీటి తడి ఉన్నచోట తుప్పు మామూలు నీటికన్నా ఎన్నో రెట్లు తొందరగా పడుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, ఛాసిస్ లోపల గొట్టంలో పొర మీద పొర లేచిపోతుంటుంది.

రిసార్టు కుర్రాడు మర్యాదస్తుడే. కాఫీ ఇచ్చాడు. జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "బాడీ బాగుంది అంకుల్. లోపలేదీ మాకు అక్కర్లేదు. ఇంజనూ గేర్ బాక్సూ మీరే ఉంచుకోండి కావాలంటే" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముప్పై నాలుగేళ్లు నేను కాపాడుకున్నదేదో అదే ఆయనకి అక్కర్లేదు.

ఈలోగా తీరం వైపు కేకలు. ఒక కొత్త ఫోర్ బై ఫోర్ బండి అలల అంచున తడి ఇసుకలో ఇరుసుల దాకా దిగిపోయింది. నలుగురు కుర్రాళ్లు. ఒకడు యాక్సిలరేటరు తొక్కుతున్నాడు, ముగ్గురు తోస్తున్నారు. తొక్కినకొద్దీ దిగుతోంది. అల ఒకటి వచ్చి డోరు దాకా తగిలింది.

వెళ్లి ముందు ఇంజను స్పీడు తగ్గించమన్నాను. నాలుగు టైర్లలో గాలి తీయించాను, ముప్పై ఉన్నదాన్ని పదహారు, పద్దెనిమిది దాకా. గాలి తగ్గితే టైరు ఒంటె కాలులా వెడల్పై ఇసుక మీద పరుచుకుంటుంది. చక్రాల ముందు ఇసుక చేతుల్తో తోడి, సరుగుడు కొమ్మలు పరిచాం. నా జీపుని గట్టి నేల మీదే నిలిపి తాడు కట్టాను. మెల్లగా రెండో గేరులో... వచ్చేసింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

"బాబూ, ఇంటికెళ్లాక కాదు, ఇప్పుడే బాపట్లలో మంచినీళ్లతో కింద అంతా కడిగించండి. టైర్లలో గాలి పట్టించుకోండి. యాక్సిల్ ఆయిల్ రేపు విప్పి చూపించండి" అన్నాను. వేడెక్కిన యాక్సిల్ చప్పున చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లగా మారితే అదే గుర్తు. చూడకుండా తిప్పితే నెలల్లోనే బేరింగులు పోతాయి.

ఇంకొకటి కూడా చెప్పాను. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి ఇక్కడ పొదిగిస్తారు కూడా. టైరు కింద ఏముందో పైనుంచి మనకి కనిపించదు. చెప్తుంటే నాకే సిగ్గేసింది. 1993లో ఇదే ఇసుక మీద పందెం వేసి జీపు ఉరికించినవాణ్ని నేను.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ అరుగు మీద కూర్చుని మొదటి పుస్తకం తిరగేస్తోంది.

నిజాంపట్నం: చెరువుల గట్టు మీద

కర్లపాలెం దాటాక నేల రంగు మారుతుంది. వరి మడులు తగ్గి చెరువులు మొదలవుతాయి. ఏరేటర్ల చక్రాలు నీళ్లు చిమ్ముతుంటాయి. దూరంగా మడ అడవుల పచ్చగీత. నిజాంపట్నం ఇప్పుడు చేపల హార్బరుగా తెలుసు కానీ, 1606లోనే డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఇంగ్లిష్‌వాళ్ల ఓడ వచ్చింది. అప్పట్నించీ సముద్రాన్ని నమ్ముకుని ఇక్కడికి లాభానికి వచ్చినవాళ్లే అందరూ. నేనూ అంతే.

1992లో టైగర్ రొయ్య అంటే బంగారం. మాగాణి వదిలి జనం చెరువులు తవ్వారు. నేను పదెకరాలు కౌలుకి తీసుకున్నాను. మేత బస్తాలు, డీజిల్ డ్రమ్ములు, ఐసు... గట్టు మీదకి వానాకాలంలో వెళ్లగలిగేది జీపొక్కటే. రెండు పంటలు దండిగా వచ్చాయి. ఆ డబ్బులోంచే మా ఆవిడకి కాసుల పేరు చేయించాను. పన్నెండు కాసులు. వాళ్లమ్మకి లేదు, మా అమ్మకి లేదు. మెళ్లో వేసుకుని ఒకే ఒక పెళ్లికి వెళ్లింది.

తర్వాత తెల్లమచ్చ వచ్చింది. 1994, 95 సంగతి. పొద్దున చెరువు గట్టు మీద నిలబడితే రొయ్యలు అంచుకొచ్చి తేలుతుంటాయి. వీపు మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. మూడు నాలుగు రోజుల్లో చెరువంతా ఖాళీ. మందు లేదు. మా ఒక్కరిదే కాదు, తీరం పొడుగునా అదే కథ. మేత బాకీ, కౌలు బాకీ, బ్యాంకు. అమ్మడానికి ఇంట్లో రెండే ఉన్నాయి: జీపు, కాసుల పేరు.

జీపు అమ్మితే రేపు మళ్లీ చెరువు ఎలా చేస్తాను అన్నాను. ఆవిడ లోపలికెళ్లి పెట్టె తీసుకొచ్చి ఇచ్చింది. అంతే. ఏడవలేదు, తిట్టలేదు. నేను మళ్లీ చెరువు చెయ్యనే లేదు. ఎరువుల కొట్టు పెట్టుకున్నాను. జీపు మాత్రం ఉండిపోయింది.

ఆ పాత గట్టు దగ్గర బండి ఆపాను. ఇప్పుడెవరో వనామి వేస్తున్నారు. ఇద్దరం కాసేపు నిలబడ్డాం. "ఇక్కడేగా?" అంది. "ఇక్కడే" అన్నాను. ముప్పై ఏళ్లలో ఆ సంగతి మేం మాట్లాడుకున్నది ఆ రెండు మాటలే.

రేపల్లె: సుత్తి చెప్పిన జోస్యం

మేస్త్రికి డెబ్బై నాలుగు. షెడ్డు మూసేసి రేపల్లెలో కూతురి దగ్గర ఉంటున్నాడు. కుడిచెయ్యి వణుకుతోంది. జీపు చప్పుడు వినగానే వీధిలోకి వచ్చేశాడు. మనిషిని పలకరించే ముందు బండి బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"మూడో నాజిల్ సరిగ్గా కొట్టట్లేదు బాబూ, వినపడట్లా?" అన్నాడు. నాకు వినపడలేదు.

చిన్న సుత్తి తెప్పించుకుని కింద పడుకున్నాడు. ఛాసిస్ పొడుగునా టకటకా కొట్టుకుంటూ పోయాడు. బాగున్నచోట గంటలా మోగుతుంది. తుప్పు తిన్నచోట అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. వెనక అడ్డపట్టీ దగ్గర రెండుసార్లు, ముందు ఎడమ కమాను హ్యాంగరు దగ్గర ఒకసారి ఆ చప్పుడు వచ్చింది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపాడు. అది కటకటమంది.

"కింగ్ పిన్ బేరింగులు పోయాయి. వెనక పట్టీ కొత్తది వెయ్యాలి. హ్యాంగరు మీద అతుకు వెయ్యొద్దు. తుప్పు మీద రేకు అతికితే రెండింటి మధ్యా నీళ్లు నిలబడి లోపల్లోపల తినేస్తుంది. కోసి కొత్తది పెట్టాలి. అన్నీ కలిపి నలభై వేలు అనుకోండి. అప్పుడు ఫిట్‌నెస్‌కి నిలబడుతుంది. మళ్లీ అయిదారేళ్లు చూడక్కర్లేదు."

"సామాను దొరుకుతుందా?"

"బెజవాడ ఆటోనగర్లో దొరకనిది లేదు బాబూ. కాకపోతే మూడు కొట్లు తిరగాలి. మంచిది చూసి కొనాలి, తక్కువది కొంటే రెండుసార్లు కొన్నట్టు."

మా ఆవిడ అడిగింది, "మేస్త్రిగారూ, బండి ఇంకెన్నాళ్లు నడుస్తుంది?"

మేస్త్రి నా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "బండి నడుస్తుందమ్మా. నడపకుండా ఉంచితేనే పోతుంది. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, ట్యాంకులో తుప్పు రాలి ఫిల్టరు మూసుకుంటుంది, బ్యాటరీ చస్తుంది. వారానికి పది కిలోమీటర్లు తిప్పితే చాలు. నడిపే కాలే ఎన్నాళ్లుంటుందో చెప్పాలి."

నిజమే. ఈ మధ్య క్లచ్ తొక్కితే ఎడమ మోకాలు నొప్పి చేస్తోంది. ఎవరికీ చెప్పలేదు. మేస్త్రికి అది కూడా వినపడినట్టుంది.

పొద్దువాలుతుంటే మేస్త్రిని ఎక్కించుకుని పెనుమూడి దాకా వెళ్లాం. కృష్ణ కరకట్ట. అవతల పులిగడ్డ, దివిసీమ. వారధి లేని రోజుల్లో పడవే దిక్కు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఇటు రేపల్లె వాళ్లూ అటు దివిసీమ వాళ్లూ ఇప్పటికీ తారీఖు చెప్పకుండానే మాట్లాడుకుంటారు. "ఆ రాత్రి" అంటే చాలు.

ఈ కరకట్ట మీదే మా జీపు తన ఆయుష్షులో చేసిన మంచి పని చేసింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చింది. లంకలన్నీ మునిగాయి, ఇటువైపు కట్ట కూడా తెగింది. నాలుగు రోజులు నేనూ మేస్త్రీ జీపులో తిరిగాం. వెళ్లేటప్పుడు పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు. వచ్చేటప్పుడు ముసలివాళ్లు, పసిపిల్లలు, ఒకసారి రెండు మేకలు. పులిహోర మా ఆవిడ ఇంట్లో ఇంకో నలుగురితో కలిసి రాత్రంతా చేసిందే. నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మేస్త్రి బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి కొంతదూరం నడపమనేవాడు, తడిసిన లైనర్లు వేడికి ఆరడానికి. అయిదో రోజు విప్పి చూస్తే రెండు యాక్సిళ్లలోనూ ఆయిల్ మజ్జిగైపోయింది. పుస్తకంలో రాసి ఉంది: రూ. 14,300.

2024 సెప్టెంబరులో అంతకన్నా ఎక్కువ వరద, 11.43 లక్షలు. ఆ రోజూ బయల్దేరాను. కట్ట దిగేచోట ముందు హబ్బు లాక్ పడలేదు. చాలా రోజులుగా గ్రీజు పెట్టలేదు, బద్ధకించాను. వెనక్కి తిరిగొచ్చేశాను. ట్రాక్టర్లవాళ్లు వెళ్లారు, పని ఆగలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అవసరం వచ్చినప్పుడు పని చెయ్యని జీపు, రిసార్టు గేటు ముందు నిలబడ్డ జీపు, రెండూ ఒకటేగా అనిపించింది.

తిరుగు దారి

భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి. రెండు వేల ఏళ్లు దాటిన బౌద్ధ స్తూపం ఉన్న ఊరు భట్టిప్రోలు. చీకటి పడింది, ఆగలేదు. జీపు లైట్లు రోడ్డుకన్నా చెట్లనే ఎక్కువ చూపిస్తాయి. పక్కన రైలు కట్ట మీద రేపల్లె ప్యాసింజరు మమ్మల్ని దాటేసి పోయింది.

"నాలుగు పుస్తకాలూ కూడాను" అంది మా ఆవిడ. "ఫోన్లో కూడుకుంటూ వచ్చాను. డీజిల్ కాకుండా రూ. 6,74,000 చిల్లర."

నేనేం మాట్లాడలేదు.

"లెక్క తప్పు" అంది.

"ఎక్కడ?"

"1995లో."

ఇంటికొచ్చాక చెప్పులైనా విడవకుండా లైటు వేసి, బల్ల ముందు కూర్చుని మొదటి పుస్తకం తెరిచింది. జూన్ 1995 పేజీ. నా రాత: 'ఫ్యాన్ బెల్టు, 85. ఇంజన్ ఆయిల్, 340.' దాని కింద ఖాళీ గీత ఉంది. పెన్ను తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది: 'కాసుల పేరు, 12 కాసులు.' పక్కన రూపాయల గడిలో ఏమీ వెయ్యలేదు.

ముప్పై నాలుగేళ్లు ప్రతి నట్టూ బోల్టూ రాసినవాణ్ని. ఆ ఒక్కటీ రాయలేదు. మర్చిపోయి కాదు.

"ఇప్పుడు లెక్క సరిపోయింది" అంది. "అమ్మాలంటే ఇద్దరం కలిసి అమ్ముదాం, ఎవరైనా నడుపుకునేవాళ్లకి. ఇంజను తీసి గేటు ముందు నిలబెట్టడానికి మాత్రం ఇవ్వొద్దు. దానికోసమైతే నేను అది ఇచ్చేదాన్నే కాదు."

మర్నాడు రిసార్టు కుర్రాడికి ఫోన్ చేసి వద్దన్నాను. వారం తిరక్కుండా మేస్త్రి పొద్దున ప్యాసింజరుకి తెనాలి దిగాడు. చెయ్యి వణుకుతుంది కాబట్టి స్టూలు మీద కూర్చుని చెప్తున్నాడు, ఆయన మేనల్లుడు చేస్తున్నాడు. ఆ కుర్రాడు ట్రాక్టర్ల మెకానిక్కు. జీపు ముందు యాక్సిల్ విప్పడం ఇదే మొదటిసారి. అలా ఇంకొకరికి ఆ పని వచ్చింది. మా అబ్బాయి శివరాత్రికి వచ్చినప్పుడు వాడికి హబ్బులు లాక్ చెయ్యడం, గ్రీజు గన్ను పట్టుకోవడం నేర్పిస్తానన్నాను. "చూద్దాం నాన్నా" అన్నాడు. ఇదివరకు ఆ మాట కూడా అనేవాడు కాదు.

ఇల్లు కదలని పాత బండి మీ ఇంట్లోనూ ఉంటే ఒక పుస్తకం పెట్టుకోండి. గ్రీజు, ఆయిల్, బేరింగులతో ఆపకండి. దాన్ని నిలబెట్టడానికి ఇంట్లో ఎవరు ఏం వదులుకున్నారో అది కూడా అప్పటికప్పుడే రాసెయ్యండి. ముప్పై ఏళ్లు ఆగకండి.

నాలుగో పుస్తకంలో తాజా పద్దు ఇది: 'కింగ్ పిన్ బేరింగులు, వెనక పట్టీ, ముందు హ్యాంగరు. సామాను, కూలి కలిపి రూ. 41,200.' అది మా ఆవిడ చేతిరాత. ఇకనుంచీ పుస్తకం తన దగ్గరే ఉంటుందట.